నీలం గీత

చెన్నపట్నం పెద్ద వరదలో మునిగిన మూడో ఏడు అది. రిచీ వీధి లోపలి సందులో, దుకాణం మెట్ల పైన స్టూలు మీద కూర్చుని తణికాచలం ఆ పూట ఇరవై మూడో హెడ్‌ఫోన్ తలకు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా పట్టీలు నొక్కీ నొక్కీ అతని కణతల పైన రెండు లొత్తలు పడ్డాయి. అన్నీ మూడొందల యాభై రూపాయల రకమే. మెత్త చెవిని మొత్తం కప్పుతోందా, కళ్లద్దాల కాడ మీద నొక్కుతోందా అని చూస్తాడు. చెవి వేడెక్కేదాకా ఉంచుతాడు. తర్వాత ఫోన్లో ఎప్పుడూ ఒకటే పాట. కుడిచెవిలో నాదస్వరం, ఎడమచెవిలో డోలు. రెండూ పలికితే పెట్టె మీద నీలం సుద్దతో గీత గీస్తాడు. ఆ గీత ఉంటే జనం పెట్టె విప్పి చూడరు.

వరదనాడు గొంతులోతు నీళ్లలో దుకాణం సరుకంతా మోశాడు. వారానికి ఎడమచెవి చీముపట్టి మూసుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. వినపడనివాడికి ఆ స్టూలు ఎందుకిస్తారు? ఒకసారి విని, పట్టీ సరిచేస్తున్నట్టు హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుంటాడు. అప్పుడు డోలు కుడిచెవికి వస్తుంది.

పెట్టెలు సర్దే సెంగొడి ఎప్పుడూ అతని కుడిపక్కనే కూర్చునేది. నిరుడు వేసవిలో అతని చెవుల చుట్టూ చెమటకాయలు లేస్తే, పాత చీర చించి, ఏ హెడ్‌ఫోన్‌కైనా వేసి తీసేలా చెవిగిన్నెలకు రెండు తొడుగులు కుట్టింది. ఒకదానికి ఎర్రదారం ముడి. అది ఎడమ గిన్నెకే వేయమంది. ఎందుకని అతను అడగలేదు.

"ఏం చెవి డాక్టరూ, రోగులు ఎక్కడికీ పోరులే. టీ చల్లారిపోతోంది," అన్నాడు ఎదురు కొట్టు టీ మనిషి.

మధ్యాహ్నం అరక్కోణం నుంచి ఒక దర్జీ వచ్చాడు. హెడ్‌ఫోన్ బల్ల మీద పడేశాడు.

"గీత చూసి కొన్నానయ్యా. ఎడమపక్క మూగ. ఆ గీత గీసినాయనకు చెవులున్నాయా?"

యజమాని జబ్బార్ భాయ్ పెట్టుకుని విన్నాడు. పెట్టె తిప్పి నీలం గీత చూశాడు.

"తణికాచలం అన్న గీత తప్పదు. సెంగొడీ, మడిచేటప్పుడు తీగ తెంపుతున్నావు. ఈ నెలలో ఇది మూడోది. ఎన్నిసార్లు చెప్పాలి? రేపట్నుంచి రావొద్దు."

సెంగొడి ఒక్కసారి తణికాచలం వైపు చూసింది. అతను పంచె మీద రాలిన సుద్దపొడి దులుపుకున్నాడు. ఆ పొడి ఎంత దులిపినా పోలేదు.

సాయంత్రం ఆమె తొడుగులు కుళాయి కింద ఉతికి, పిండి, స్టూలు పక్క మేకుకు తగిలించింది. టిఫిన్ డబ్బా చేతికి తీసుకుని అతని కుడిపక్కకు వచ్చింది.

"పెదనాన్నా, ఎర్రముడి కుడిచెవి మీదికి వచ్చేదాకా గీత గీయకండి."

అన్నం తిన్నారా అని అడిగినట్టే అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది. అతను తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున షట్టర్ సగం లేవకముందే అతను భాయ్ ముందు నిలబడ్డాడు.

"భాయ్, నాకు ఎడమచెవి వినపడదు. వరదప్పట్నుంచి."

"మరి ఇన్నాళ్లూ?"

"తిప్పి వినేవాణ్ని."

"ఆ మూడూ?"

"తిప్పడం మరిచాను. టీ వచ్చింది."

భాయ్ షట్టర్ పూర్తిగా లేపాడు. తర్వాత సెంగొడి ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్లమ్మ ఎత్తింది. తెల్లవారుజామునే శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ బస్సు ఎక్కి పోయిందట. ఇక రాదట.

"కూర్చో అన్నా," అన్నాడు భాయ్, మొహం చూడకుండా.

తణికాచలం కూర్చోలేదు. సుద్దముక్క స్టూలు మీద పెట్టి మెట్లు దిగాడు. మేకుకు ఉన్న తొడుగులు రెండూ ఆరిపోయాయి. ఎర్రముడి మాత్రం ఇంకా తడిగా ఉంది.