నీ ఇల్లు నేను, నా ఇల్లు నువ్వు

స్పెయిన్ దొరలు మమ్మల్నొక మాటైనా అడక్కుండా ఫిలిప్పీన్స్‌ని అమెరికాకి అమ్మేసిన మూడో ఏడు అది, 1901. డిసెంబరులో మా బతంగాస్ జిల్లా అంతటా అమెరికా సైన్యం చాటింపు వేయించింది. క్రిస్మస్ నాటికి పల్లెలన్నీ ఖాళీ చేసి పట్నంలోకి వచ్చెయ్యాలి. మోయగలిగింది తెచ్చుకోవచ్చు. పండగ దాటాక పట్నం చుట్టూ గీసిన గీతకి అవతల కనబడితే కాల్చేస్తారు, మిగిలిన గింజల్ని తగలబెడతారు. కొండల్లో పోరాడుతున్న మనవాళ్లకి తిండి దొరక్కూడదని.

"విన్నావా బసీలియా?" అంది మా అత్త పొతెన్సియానా. "స్పెయిన్ వాళ్లు మూడొందల ఏళ్లుండి ఒక్క పండగ కానుకా ఇవ్వలేదు. వీళ్లు మన జిల్లాలో కాలుపెట్టి రెండేళ్లు కాలేదు, ఎంత పెద్దది ఇచ్చారో చూడు!"

అంతకుముందే పశువుల రోగమొచ్చి మా దున్న పోయింది. బండి లాగే దిక్కు లేదు. నేనూ, మా ఆయన తెలెస్ఫోరో వడ్లు నెత్తిన పెట్టుకుని అయిదుసార్లు తిరిగాం. గాదె సగం కూడా తరగలేదు. ఆఖరిసారి గాదె తలుపుకి గడియ పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

పట్నంలో చర్చి వెనక వెదురు పాకలు వేశారు. పాకకి మూడు కుటుంబాలు. మా పక్క చాప అనక్లెటోది. ఊళ్లోనూ మా పొరుగింటివాడే. ఆరేళ్ల కిందట కోడిపందెంలో అతని పుంజు చచ్చిపోతే, మా ఆయన మా పుంజు కత్తికి విషం పూశాడని పదిమందిలో అనేశాడు. ఆనాటినుంచి మగవాళ్లిద్దరికీ మాటల్లేవు. అతని భార్య హెర్మొహేనా, నేను మాత్రం పెరటి గుమ్మంలోంచి ఉప్పూ నిప్పూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. పాకలో మగవాళ్లిద్దరూ చెరో గోడవైపు తిరిగి పడుకునేవారు.

జనవరిలో సైనికులు మగవాళ్లని పోగుచేసి పల్లెలు తగలబెట్టే పనికి తీసుకుపోయారు. అయిదో రోజు చీకటి పడ్డాక తెలెస్ఫోరో తిరిగొచ్చాడు. కనుబొమలు కాలి ఉన్నాయి. నీళ్లిచ్చాను.

"ఏ ఊరు?" అన్నాను.

"ఇవాళ మనదే."

అత్త చేతిలో జపమాల ఆగింది.

"మమ్మల్ని వరసగా నిలబెట్టి దివిటీలిచ్చారు," అన్నాడు. "ఏ ఇల్లు ఎవరిదో వాళ్లకేం తెలుసు? వరస ప్రకారం చూపించుకుంటూ పోయారు. నాకు మనిల్లే వచ్చింది. కాళ్లు కదల్లేదు. దుబాసీ వచ్చి, 'కానీ అన్నా, చీకటి పడేలోగా ఇంకా రెండూళ్లున్నాయి' అన్నాడు. కోపంగా కాదు. అతనూ అలిసిపోయాడు."

"అప్పుడు?"

"పక్కన అనక్లెటో. నా మొహం చూడకుండానే, 'నీ ఇల్లు నేను చూస్తా, నా ఇల్లు నువ్వు చూడు' అన్నాడు."

"ఆరేళ్లకి మాట్లాడింది అదా?"

"అదే."

"గాదె?"

"వడ్లన్నీ పేలాలయ్యాయి. ఒక సైనికుడు నోట్లో వేసుకుని బాగున్నాయన్నాడు."

నాకు ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. చొక్కా విప్పమని తీసుకెళ్లి ఉతికాను.

మర్నాడు అనక్లెటో ఎండుచేప ముక్క ఒకటి తెచ్చి మా ఆకులో వేశాడు. తెలెస్ఫోరో తిన్నాడు. తర్వాత కూడా వాళ్లు పెద్దగా మాట్లాడుకున్నది లేదు, కానీ ఒకే గోడకి ఆనుకుని కూర్చునేవారు.

మార్చిలో కలరా వచ్చింది. అనక్లెటోకి పొద్దున పట్టుకుంది, మధ్యాహ్నానికి అయిపోయింది. సున్నం చల్లి ఆ పూటే పూడ్చెయ్యమన్నారు. పోయినవాళ్ల కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనకి జనం గుమిగూడకూడదన్నారు. గొయ్యి తెలెస్ఫోరోయే తవ్వాడు.

వచ్చి చేతులు కడుక్కుంటుంటే హెర్మొహేనా ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, మా ఇల్లు ఎలా కాలింది? ఆయన్ని అడిగితే, అంటించినవాణ్ణి అడగవే అన్నాడు. ఇన్నాళ్లూ నోరు రాలేదు."

మా ఆయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ముందు లోపలికెళ్లి చూశాను చెల్లెమ్మా. కోడి ఒకటి పొదుగుతోంది. దాన్ని బయటికి తోలాను. గాలి ఈశాన్యం నుంచి కొడుతోంది. అటువైపు చూరుకి అంటించాను, తొందరగా అయిపోతుందని."

"తొందరగా అయిందా?"

"అయింది. అన్నం ఉడికేంత సేపు కూడా పట్టలేదు."

"మంచి పని చేశావు," అంది హెర్మొహేనా. లేచి వెళ్లి భర్త చాప చుట్టి పక్కన పెట్టింది.

ఏప్రిల్లో కొండల్లోని మనవాళ్లు లొంగిపోయారు. సైన్యం గీత ఎత్తేసింది. ఊరికి తిరిగొచ్చాం. బూడిద వానకి కొట్టుకుపోయి నేల నల్లగా మెరుస్తోంది. రెండు ఇళ్లకి సరిపడా వెదురు దొరకలేదు. తెలెస్ఫోరో రెండు స్థలాలకీ మధ్యన ఒకటే ఇల్లు వేశాడు. హెర్మొహేనా మాతోనే ఉంటోంది. ఊళ్లో ఎవరైనా ఏమైనా అనుకుని ఉంటే మా చెవిన పడలేదు.

జూలైలో యుద్ధం ముగిసిందన్నారు. పట్నంలో బాజాలు మోగాయి. మమ్మల్నందరినీ కొత్త జెండా ఎదుట నిలబెట్టి, అమెరికాకి విధేయులమై ఉంటామని ప్రమాణం చెయ్యమన్నారు.

"దేనికే చెయ్యెత్తేది?" అంది అత్త.

"ఎత్తమన్నారు, ఎత్తు," అన్నాను.

దుబాసీ చదివింది సగం వినబడలేదు. చదవడం అయ్యాక అందరం చేతులు దించాం. హెర్మొహేనా ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేసింది.

"అయిపోయింది వదినా," అన్నాను. వినిపించుకోలేదు. నేనే మోచెయ్యి పట్టుకుని దించాను.