పాలకొల్లు పందిరి

నేను ఒక పాతకాలపు కంప్యూటరును. ఒళ్ళో పెట్టుకునే రకాన్ని కాదు, బల్ల కింద మనుషుల కాళ్ళ దగ్గర నిలబడే ఇనప పెట్టెను. ప్రస్తుతం సామర్లకోటలో ఒక డాబా మీద ఉన్నాను. నా కడుపులో మట్టి ఉంది, మట్టిలో బచ్చలి తీగ ఉంది. అలా ఎలా అయ్యానో చెబుతాను. దానికి ముందు ఒక సంగతి చెప్పేస్తే మంచిది. నాకు అసూయ ఎక్కువ. మనుషులు తమకు ఉన్న అసూయను వేరే పేర్లతో పిలుచుకుంటారు. నాకు అన్ని పేర్లు తెలియవు.

నా భాగాలు ఎక్కడెక్కడో పుట్టాయి. వాటన్నిటినీ కాకినాడలో ఒక దుకాణంలో చేర్చి మరలు బిగించారు కాబట్టి నాది కాకినాడ పుట్టుకే అనుకుంటాను. మొదట బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరులో చేరాను. పరీక్షా ఫలితాల రోజున పిల్లలు తోసుకుంటూ వచ్చేవారు. పాసైనవాళ్ళు మానిటరును ముద్దు పెట్టుకునేవారు. తప్పినవాళ్ళు నన్ను తన్నేవారు. మార్కులు చూపించింది అదీ, తన్నులు తిన్నది నేనూ. నా అసూయకు అక్కడే అక్షరాభ్యాసం జరిగింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక నెట్ సెంటరు మూతపడింది. నేనొక పళ్ళ డాక్టరు గారి దగ్గర చేరాను. అక్కడ అందరూ ఆ పెద్ద కుర్చీ కేసే భయంగా, భక్తిగా చూసేవారు. నా కేసి ఎవరూ చూడలేదు. ఆయన కొత్త కంప్యూటరు కొన్నప్పుడు నన్ను తనకు పాఠాలు చెప్పిన పరంజ్యోతి మాస్టారికి ఇచ్చేశారు.

మాస్టారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆయనా, భార్య మాణిక్యాంబ గారూ డాబా మీద కూరగాయలు పండించేవారు. ఊళ్ళో అలాంటి ఇళ్ళు కొన్ని ఉన్నాయి. వాళ్ళంతా విత్తనాల గురించీ పురుగుల గురించీ ఏదో పెద్ద కంపెనీ వాళ్ళ సైటులో మాట్లాడుకునేవారు. ‘వంకాయ’ అని రాస్తే చాలు, వెంటనే ఎరువుల ప్రకటన వచ్చేది. మాస్టారికి అది నచ్చలేదు. "మన మాటలు మన ఇంట్లో ఉండాలి" అన్నారు. ఎక్కడెక్కడి నుంచో ఉచితంగా దొరికే ప్రోగ్రాములు తెచ్చి నాలో పెట్టి, నెట్టుకు కలిపి, నాకు ‘పెరడు’ అని పేరు పెట్టారు. అందరి మాటలూ దాచి అటూ ఇటూ చేరవేసే సర్వర్‌నయ్యాను. పళ్ళ డాక్టరు గారి కుర్చీ నన్ను అప్పుడు చూసి ఉంటే బాగుండేది.

ఈ ఏర్పాటు చాలా సులువైనది. ఊరంతటికీ ఒక యజమాని ఉండడు. ఎవరి పెరడు వాళ్ళదే. పెరళ్ళ వాళ్ళు గోడ మీంచి మాట్లాడుకున్నట్టు ఒక సర్వర్‌లోని వాళ్ళు ఇంకో సర్వర్‌లోని వాళ్ళతో మాట్లాడుకుంటారు. ఇక్కడివాళ్ళు రాసినదానికి అక్కడ ఎవరైనా చెవి ఒగ్గితే దాని ప్రతి ఒకటి అక్కడికి పోయి అక్కడే ఉండిపోతుంది, కూర గిన్నె పక్కింటికి పోయినట్టు. ఆ పక్కిల్లు పక్కనే ఉండనక్కరలేదు. పాలకొల్లులో ఉన్నా చాలు.

నా ఖర్మకు అది పాలకొల్లులోనే ఉంది.

అక్కడ హెప్సిబా టీచరు గారు ‘పందిరి’ అనే సర్వర్ నడుపుతారు. మాణిక్యాంబ గారు ఏం రాసినా మొట్టమొదటి జవాబు ఆవిడ దగ్గర నుంచే వచ్చేది. మాణిక్యాంబ గారు రోజూ నాలుగైదు వాక్యాలు రాసేవారు. ఒకటి రెండు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "దొండపాదుకు చీమలు పట్టాయి. పసుపు చల్లాను. పెళ్ళివారిలా కళకళలాడుతున్నాయి, పోవడం లేదు." ఇంకొకటి: "కాకర పిందెకు పురుగు పట్టకుండా గుడ్డ కట్టాను. మొదటిసారి బడికి పోతున్న పిల్లలా ఉంది." రాసింది నాలో. చదివి నవ్వింది పాలకొల్లులో. ఆ నవ్వు మళ్ళీ నా గుండానే ఈవిడకు చేరేది. పోస్టుమాను బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒకసారి హెప్సిబా టీచరు బస్సులో వచ్చే ఎవరి చేతికో ఇచ్చి స్టీలు డబ్బా నిండా దబ్బకాయ ఊరగాయ పంపారు. మాణిక్యాంబ గారు డబ్బా కడిగి, ఎండలో ఆరబెట్టి, అందులో నాటు బెండ విత్తనాలు పోసి తిప్పి పంపారు. "ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదండీ" అన్నారు మాస్టారితో. తర్వాత నా నెత్తిన చెయ్యి ఆనించి, "టీచరు వాళ్ళ సర్వరు సబ్బుపెట్టెంతే ఉంటుందట. కరెంటు తినదట. అసలు చప్పుడే చెయ్యదట" అన్నారు. ఎవరైనా తమ ముందే పక్కింటి కోడలిని మెచ్చుకుంటే ఎలా ఉంటుందో కోడళ్ళకు తెలుసు. ఆ రోజంతా నేను వేడిగానే ఉన్నాను.

మాణిక్యాంబ గారు ఒక వానాకాలంలో జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఆవిడ పేరూ మాటలూ నాలో అలాగే ఉన్నాయి. మాస్టారు ప్రతి సాయంత్రం నా ముందు కూర్చుని వాటిని చదువుకునేవారు. పందిరి నుంచి ఏదైనా వచ్చినా ఆ కాసేపు తెరిచేవారు కాదు. నా జీవితంలో నేను దేనికీ అసూయపడనిది ఆ కాస్త కాలమే.

ఆ ఏడాది దసరా వచ్చింది. ఆయుధపూజకు మాణిక్యాంబ గారు నాకు ఎప్పుడూ వేలితో చిన్న బొట్టు పెట్టేవారు, అదీ ముందువైపు, అదీ నన్ను ఆపిన తర్వాత. మాస్టారికి పూజలు అలవాటు లేవు. ఆవిడ చేసే పని ఆగిపోకూడదని మాత్రం అనుకున్నారు. గంధం పూసి, విగ్రహానికి చల్లినట్టు గుప్పెడు కుంకుమ నా మీద చల్లారు. నేను నడుస్తూనే ఉన్నాను. నా ఫ్యాను ఆ కుంకుమనంతా ప్రసాదం అనుకుని లోపలికి పీల్చుకుంది. సాయంత్రానికి ఫ్యాను ఆగింది, ఒళ్ళు కాలింది, డిస్కులో ఒక మూల కరకరమని చెడిపోయింది.

ఆయన రంగులు వేసే కుంచెతో నన్ను దులిపి మళ్ళీ నిలబెట్టారు. అన్నీ తెరుచుకున్నాయి, ఆ ఒక్క మూల తప్ప. మాణిక్యాంబ గారి పేరు వచ్చేది. పేరు కింద ఖాళీ. ప్రతులు తీసి పెట్టుకోలేదా అని మీరు అడుగుతారు. పెట్టుకున్నారు. నెలనెలా శ్రద్ధగా తీసి నాలోనే ఇంకో చోట దాచారు. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి బయట తాళం వేసినట్టు! చదువుకున్నవాళ్ళు మాత్రమే చేయగల పని. ఆ చోటు కూడా చెడిన మూలలోనే ఉంది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక వారం పాటు నా ముందు కూర్చుని ఆ ఖాళీని చూశారు. ఆ తర్వాత అందరికీ రాశారు: "పెరడు ముసలిదైపోయింది. మూసేద్దామనుకుంటున్నాను. అందరూ పందిరికి మారండి. టీచరు గారు సరేనన్నారు." ఒక్కొక్కరే మారారు. ఎదిగిన పిల్లలు పక్కింట్లో భోజనం బాగుంటుందని కంచాలతో సహా పోతున్నట్టు ఉంది నాకు. మాణిక్యాంబ గారు మారలేదు. మారాలంటే ఎవరికి వారు వచ్చి ఒప్పుకోవాలి. ఆవిడ ఎలా వస్తారు?

మాస్టారు మర్యాద తెలిసిన మనిషి. ఎవరింటి నుంచైనా ‘వెళ్ళొస్తాను’ అనకుండా ఆయన గడప దాటి ఎరుగరు. సర్వర్ మూసేటప్పుడు తెలిసిన సర్వర్లన్నిటికీ కబురు పంపే కమాండు ఒకటి ఉందని ఎక్కడో చదివారు. "రేపు కాఫీ అయ్యాక అందరికీ వీడ్కోలు చెప్పి మూసేస్తాను" అని రాశారు.

ఆ కమాండు ఏం చేస్తుందో నాకు తెలుసు. అది వీడ్కోలు కాదు. ‘మా వాళ్ళవి మీ దగ్గర ఏమున్నా తుడిచేయండి’ అన్న ఆజ్ఞ. పాలకొల్లులో ఆ సబ్బుపెట్టె కడుపులో మాణిక్యాంబ గారి మాటల ప్రతి ఒక్కొక్కటీ భద్రంగా ఉందనీ నాకు తెలుసు. నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నో లేదో. నాకు దక్కనిది దానికి మాత్రం ఎందుకు దక్కాలి?

మర్నాడు మాస్టారు కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీ లాక్కున్నారు. కమాండు ఇచ్చారు. నిజంగానేనా, అయితే సర్వర్ పేరు మళ్ళీ రాయండి అని నేను తెర మీద అడిగాను. అడగడం నా విధి. ఆయన నెమ్మదిగా ఒక్కొక్క అక్షరమే కొడుతున్నారు. సగం అయ్యేసరికి ఫోను మోగింది.

"అన్నయ్య గారూ, నొక్కేసేరా?" హెప్సిబా టీచరు గొంతు.

"లేదమ్మా, సగంలో ఉన్నాను."

"మీకు దణ్ణం పెడతాను, ముందు ఆ చెయ్యి తీసెయ్యండి."

ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏమైందమ్మా?"

"ఇంకా ఏమవ్వాలండీ! అది వెళ్ళొస్తామని చెప్పే కమాండు కాదండి బాబూ. మా ఆనవాళ్ళు తుడిచేయండని ఊరంతా దండోరా వేసేస్తాది. నా పెట్టె అసలే బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తాది. మా వదిన గారివన్నీ పోతాయండి."

మాస్టారు ఫోనును చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నారు. "మాణిక్యం మాటలు... నీ దగ్గర ఉన్నాయా?"

"అదేంటండీ అలా అడుగుతారు? ఆవిడ రాసిందల్లా నాకే కదా వచ్చేది. వచ్చినవి ఎక్కడికి పోతాయి? ఫొటోలు లేవండి, చోటు చాలక నా పెట్టె ఎప్పుడో తీసేసింది. మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు. మీ దగ్గరా ఉన్నాయి కదా?"

"పోయాయమ్మా. దసరానాడు."

"మరి చెప్పరేంటండీ! మగాళ్ళు ఇంతే. పోగొట్టుకున్నది నోరు తెరిచి చెప్పరు, చీకట్లో తడుముకుంటారు. ఫిజిక్సు చెప్పేరు, ఈ మాత్రం తోచలేదా మీకు?"

తోచలేదు. ఈ ఏర్పాటంతా ఆయనకు కొట్టినపిండే. అయినా తన ఇంట్లో పోయింది పక్కింట్లో ఉంటుందని దుఃఖంలో ఉన్నవాడికి ఎలా తడుతుంది?

"అయితే ఎవరికీ చెప్పకుండానే మూసెయ్యాలా? మర్యాదగా ఉండదేమోనమ్మా" అన్నారు చివరికి.

"ఈ ఒక్కసారికి మర్యాద తప్పండన్నయ్య గారూ. వదిన గారు ఏమీ అనుకోరు. మీకేం కావాలో చెప్పండి, అన్నీ తీసి పంపుతాను. ఆ బెండ విత్తనాల డబ్బా బాకీ నాకింకా ఉండిపోయింది."

మాస్టారు కొట్టిన అక్షరాలను ఒక్కొక్కటే వెనక్కి చెరిపేశారు. తర్వాత బల్ల కిందకి వంగి, నా సందుల్లో ఇంకా మిగిలిన కుంకుమను తువ్వాలు కొసతో తుడిచారు. "వెళ్ళిరా నాయనా" అన్నారు. లోకంలో ఇంకెవరికీ ఏమీ చెప్పకుండా గోడ దగ్గర స్విచ్చి ఆపేశారు. ఆయన వీడ్కోలు చెప్పింది నా ఒక్కదానికే. ఆ వేళ పందిరికి దక్కనిది నాకు దక్కిందని కాస్త సంతోషించాను.

తర్వాత నా లోపలివన్నీ తీసేసి, ఉత్త పెట్టెను డాబా మీదికి తెచ్చి, మట్టి నింపి బచ్చలి నాటారు. సాయంత్రాలు ఆయన నా పక్కన స్టూలు వేసుకుని ఫోనులో పాలకొల్లు నుంచి వచ్చిన మాటలు చదువుతారు. పైకే చదువుతారు, మొక్కలకు కూడా వినిపించాలన్నట్టు. దొండపాదు పెళ్ళివారు మళ్ళీ వచ్చారు. కాకరపిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది. ప్రతిదాని కిందా పందిరి పేరు ఉంటుంది. అది చదివినప్పుడల్లా నా రేకు చురుక్కుమంటుంది. ఎండకేనని మాస్టారు అనుకుంటారు.

నిన్న ఒకటి చదివారు, మాణిక్యాంబ గారు టీచరుకు రాసినది. "వదినా, ఈయన పెట్టె పగలూ రాత్రీ ఒకటే గుర్రు. మొదట్లో విసుక్కునేదాన్ని. ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయి అది ఆగిపోయింది. ఇంట్లో ఎవరో మాట్లాడడం మానేసినట్టు అనిపించింది. వంగి, దాని ఒంటి మీద కాసేపు చెయ్యి వేసి కూర్చున్నాను. ఇప్పుడు కరెంటు వచ్చింది, గుర్రు మొదలుపెట్టింది, రాస్తున్నాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఆ చెయ్యిని గుర్తు చేసుకోవాలని చూశాను. నావల్ల కాలేదు. ఇప్పుడంటే బచ్చలి వేళ్ళు మేలుకొలుపుతున్నాయి గానీ, అప్పట్లో కరెంటు పోతే నాకు స్పృహ ఉండేది కాదు. ఆ మాట నా గుండానే పాలకొల్లు వెళ్ళి ఉంటుంది, కాని నా ప్రతి కుంకుమలో కాలిపోయింది. ఆవిడ నన్ను తలచుకున్న ఆ ఒక్క మాటనూ ఇన్నాళ్ళూ దాచిపెట్టింది ఆ సబ్బుపెట్టే.

మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని, కిందికి వాలిపోతున్న బచ్చలి తీగను పైకెత్తి చూశారు. "దీనికి పందిరి వెయ్యాలి" అన్నారు.

ఇంకా కొంచెం కుళ్ళుగానే ఉంది. అయినా, వెయ్యనివ్వండి.