పట్టపగలు చీకటి గది

పాచాయన సెల్‌ఫోన్ తీసి తలుపు బయట స్టూలు మీదున్న పళ్ళెంలో పెట్టాడు. చేతి గడియారం కూడా విప్పి దాని పక్కనే పెట్టాడు, దాని ముళ్ళు చీకట్లో మెరుస్తాయని. ఆ గదిలోకి మిణుగురంత వెలుతురు కూడా పోకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. ఒకప్పుడు పెద్ద ఆఫీసరొకాయన తలుపు తొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేశాడు. అప్పటినుంచి ఆ తలుపు జోలికి ఎవరూ పోరు, వాచ్‌మన్ పోనివ్వడు.

ఆయన ఉద్యోగం గాజు సీసాల్లో పాచి పెంచడం. బక్కపలచని మనిషి, కాస్త వంగిన భుజాలు, ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో పోని పచ్చదనం. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. లోకమంతా పాచి గీకించుకోవడానికి కూలి ఇస్తుంటే మా వాడికి పెంచడానికి ఇస్తున్నారని అక్క నవ్వేది.

ఆ గదిలో రాత్రంతా దీపాలు వెలుగుతాయి, మధ్యాహ్నం ఆరిపోతాయి. ఆ దీపాలు ఆరాక పాచి కణాలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి విడిపోతాయి. విడిపోయేముందు లోపలున్న డీఎన్ఏ అనే వంశపు దారాన్ని రెండింతలు చేసుకుని, దాన్ని చుట్టుకోవడానికి కొత్త రీళ్ళు తయారు చేసుకుంటాయి. ఆ రీళ్ళే హిస్టోన్ ప్రోటీన్లు. పరిశోధన చేస్తున్న అమ్మాయికి కావలసినవి అవే. మధ్యలో వెలుతురు పడితే వరస చెడిపోయి, ఒక్కో కణం ఒక్కో దారి పడుతుంది. ఇప్పటికే రెండుసార్లు అలా చెడిపోయింది. ఈసారీ చెడితే ఆ అమ్మాయికి ఇక గడువు లేదు.

పాచికి పెద్దగా పట్టని ఆకుపచ్చ బల్బు మసకలో ఆయన మొదటి గొట్టం నింపి మంచులో గుచ్చాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు ఆస్పత్రిలో ఉంది.

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది అక్క. కుట్టుమిషను తొక్కి చదివించింది, పెళ్ళి మాటెత్తితే ముందు వీడి సంగతి తేలనీండి అనేది. చివరికి ఇద్దరికీ పెళ్ళి కాలేదు, ఇద్దరూ ఒకే ఇంట్లో పోట్లాడుకుంటూ పెద్దవాళ్ళయిపోయారు. ఆ అమ్మాయి చెప్పిన హిస్టోన్ల కథ ఆయన ఒక సాయంత్రం అక్కకి చెప్పాడు. కొన్ని జాతుల పాచి ఆ రీళ్ళని దాదాపు వదిలేసిందట. మిగతా ప్రాణులన్నిట్లో మాత్రం ఒక రకం రీలు కోట్ల ఏళ్ళుగా ఇంచుమించు మారనే లేదట, పాచిలో ఉన్నదీ మనిషిలో ఉన్నదీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయట. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ వింది.

"అయితే నీకూ దానికీ చుట్టరికమేనన్నమాట. అందుకే దాన్ని వదిలి రావు" అంది.

ఇప్పుడు ఆ అక్క వారంగా మంచం మీద ఉంది. నిన్న డాక్టరు ఆయన్ని పక్కనే ఉండమన్నాడు. పొద్దున ఆయన సెలవు పెడతానంటే అక్కే ఒప్పుకోలేదు.

"ఆ పిల్ల ఏడుస్తుందిరా. పోయిరా. మంచం దిగలేనిదాన్ని, నేనెక్కడికి పోతాను?"

నర్సుకి తన నంబరిచ్చి, ఏమైనా అయితే ఫోన్ చెయ్యమని చెప్పి వచ్చాడు. వచ్చి, ఏళ్ళ తరబడి అలవాటు కొద్దీ ఆ ఫోన్‌ని పళ్ళెంలో పెట్టేశాడు. ఆ సంగతి ఆయనకి అది మోగినప్పుడే తెలిసింది.

తలుపు అవతల సన్నగా మోగుతోంది. ఆయన గడియ మీద చెయ్యి వేశాడు. తీస్తే వరండా ఎండంతా సీసాల మీదే పడుతుంది. ఇంకో రెండు మూడు గొట్టాలు నింపితే చాలు. మందు చీటీ కోసం అయ్యుంటుంది, అనుకున్నాడు. మోత ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆయన చెయ్యి కిందికి దించాడు. మళ్ళీ మోగలేదు. అది ఆయనకి కొంత ధైర్యంగా కూడా అనిపించింది.

చివరి గొట్టం నిండాక తలుపు తీశాడు. బయట ఆ అమ్మాయి మంచుపెట్టె అందుకుని, దణ్ణం పెట్టినంత పని చేసి, మెట్లు దిగి పరుగెత్తింది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"ఆస్పత్రి నుంచి ఫోనండీ. నేనే ఎత్తి, మీరు గదిలో ఉన్నారు, తలుపు తియ్యకూడదు, అవగానే వస్తారని చెప్పాను."

తప్పేమీ చెయ్యలేదన్న ధీమా ఉంది అతని గొంతులో. నిజంగానే అతను ఏ తప్పూ చెయ్యలేదు.

పాచాయన వెళ్ళేసరికి అక్క మొహం మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన దాన్ని తీసి, నుదుటి మీద అంటుకున్న వెంట్రుకలు పక్కకి దువ్వాడు. ఏడుపు రాలేదు. పొద్దున ఆ గుమ్మం దాటినందుకు తన కాళ్ళ మీద తనకే అసహ్యం వేసింది.

"వస్తున్నారని చెప్పానంకుల్" అంది నర్సు. "ఆవిడ చెవి మిషను పెట్టమన్నారు. మా వాడి అడుగుల చప్పుడు నాకు తెలుస్తుంది, వినాలి అన్నారు."

అరిగిపోతుందని అక్క దాన్ని ఎప్పుడూ తలగడ కిందే దాచుకునేది, మాటలు సగం పెదాలు చూసే పట్టేసేది. నర్సు తెర లాగి వెళ్ళిపోయింది. మంచం పక్క బల్ల మీద, చెవిలోంచి తీసి ఎవరూ ఆపని ఆ చెవి మిషను సన్నగా కూస్తూనే ఉంది.