మాస్టరు చెవి

“ఈ మరక ఇంకా అలాగే ఉందమ్మా” అంటూ అత్తగారు తీగ మీద ఆరేసిన చొక్కా చెయ్యి పట్టుకుని చూపించారు. అప్పటికే దాన్ని రెండుసార్లు ఉతికాను. ఇంజను నూనె అంత తేలిగ్గా వదలదు. “పాపం, వాడెంత ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడో ఈ బట్టలు చూస్తేనే తెలుస్తుంది” అని తనలో తను అనుకున్నట్టుగా, కానీ నాకు వినపడేలా అన్నారు. నా బట్టలకి మరకలుండవు. నేను చేసే పనికి చేతులకి నూనె అంటదు. అందుకే కాబోలు, నేను పని చేస్తానన్న సంగతి మా ఇంట్లో ఎవరి కంటికీ ఆనదు.

మూడోసారి చొక్కాని నీళ్లలో ముంచుతుంటే కింద షెడ్డులోంచి మా ఆయన కేకేశాడు.

“ఒక్క నిమిషం వచ్చి వెళ్తావా?”

ఆయన ఒక్క నిమిషం ఏనాడూ నాలుగు గంటలకి తక్కువ లేదు. చేతులు తుడుచుకుని ఇనప మెట్లు దిగాను. ఇల్లు పైన, షెడ్డు కింద. నా ప్రపంచానికి ఈ చివర వంటగది, ఆ చివర లాప్‌టాప్. మధ్యలో పద్దెనిమిది మెట్లు.

కింద రేసు కారు డైనో మీద నిలబడి ఉంది. డైనో అంటే నేలలో అమర్చిన పెద్ద పెద్ద రోలర్లు. కారు ఉన్నచోటనే ఉంటుంది, చక్రాలు మాత్రం వాటి మీద రెండొందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. కారు పక్కన ఓనరు గారు నిలబడి ఉన్నారు. ఆయన కారు నడిపే కుర్రాడు గోడకి చేరగిలబడ్డాడు. అతన్ని అందరూ నత్త అంటారు. ట్రాకు మీద అతన్ని దాటినవాళ్లు తక్కువే గానీ, నేల మీద అతని నడక చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. మా ఆయన బానెట్ మీదకి వంగి, కళ్ళు మూసుకుని, చెవి ఇంజను వైపు పెట్టి ఉన్నాడు.

“మాస్టరు చెవి పెడితే చాలు, ఇంజను నిజం కక్కేస్తుంది” అన్నారు ఓనరు గారు భక్తిగా.

నేను మూలనున్న స్టూలు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఇంజను దిమ్మకి బిగించిన సెన్సరు లోపలి చప్పుడంతా నా చెవులకి చేరవేస్తుంది. సిలిండరులో పెట్రోలు పేలుడు ఒక్క పిసరు ముందుగా జరిగినా, గులకరాయి డబ్బాలో వేసి ఆడించినట్టు సన్నటి శబ్దం వస్తుంది. దాన్ని నాకింగ్ అంటారు. బయట చెవి పెట్టినవాళ్లకి ఆ రొదలో అది వినపడే ప్రసక్తే లేదు. మా ఆయనకీ వినపడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన చెవి అబద్ధమని నేననను. పాత ఇంజన్లని నిజంగానే వినికిడితో బాగుచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో నేను ఆశ్చర్యంగా చూస్తుండేదాన్ని. ఆ ఇంజన్లలో పెట్రోలుని గాలి వచ్చే దారిలో చల్లితే చాలు, అదే తీరిగ్గా లోపలికి పోతుంది. తర్వాత నేరుగా సిలిండరులోకే పెట్రోలు చిమ్మే ఇంజన్లు వచ్చాయి. నిమిషానికి ఏడు వేల చుట్ల వేగం మీద ఆ చిమ్మడానికి దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు నాలుగు. ఆ కాస్తలోనే, కారు టైర్లో ఉండే గాలికి వంద రెట్ల ఒత్తిడితో, కావలసిందంతా లోపలికి పోవాలి. దానికి తోడు, రేసులకి కారుతో వచ్చే కంపెనీ కంప్యూటరు పీకేసి, మనం చెప్పినట్టు వినే వేరే కంప్యూటరు బిగిస్తారు. అదొట్టి పెట్టె. దానికేమీ తెలియదు. ఏ వేగంలో, ఎంత గాలికి, ఎంత పెట్రోలు, ఏ క్షణాన అన్నదంతా మనమే గళ్ళు గళ్ళుగా నింపాలి. మొదటి పెట్టె వచ్చినప్పుడు మా ఆయన మూడు వారాలు దాంతో కుస్తీపట్టి, చివరికి దాన్ని నా ముందు పెట్టి, “నువ్వు చదువుకున్నదానివిగా, ఇదేదో చూడు” అన్నాడు. చూశాను. చూస్తూ చూస్తూ ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. పాప స్కూలుకెళ్లాక, వంటయ్యాక, అత్తగారు కునుకు తీసేటప్పుడు, దొరికిన ఖాళీలన్నిట్లో చూశాను. ఆ గళ్ళలో ఒక్కొక్క అంకె మారుస్తుంటే, అప్పటిదాకా దగ్గుతున్న ఇంజను గొంతు సర్దుకుని ఒక్కసారిగా పాడటం మొదలుపెట్టిన ఆ మొదటి సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నానో ఎవరికి చెప్పుకోను? “పొగ కళ్ళలో పడింది” అన్నాను.

ఇప్పుడు నాలుగు జట్ల కార్లు మా షెడ్డుకి వస్తాయి. అందరూ మాస్టరు కోసమే వస్తారు. నన్ను పరిచయం చెయ్యాల్సి వస్తే, “నేను చెప్పింది మా ఆవిడ టైపు చేస్తుంది” అంటాడు. మొదటిసారి విన్నప్పుడు సరదాకి అన్నాడనుకున్నాను. అత్తగారు, “కూర్చుని చేసేది కూడా పనేనా” అంటారు. ఒకసారి మా అమ్మ దగ్గర వాపోతే, “నీ చదువు నీ దగ్గరే ఉందిగా, ఎవరైనా ఎత్తుకుపోయారా?” అంది. ఒకే ఒక్కసారి తెగించి, వేరే ఊళ్లో ఉన్న పెద్ద షెడ్డుకి ఫోన్ చేశాను. అవతలాయన మర్యాదగానే మాట్లాడాడు. “ఓ, మాస్టరు గారి దగ్గర టైపు చేసేది మీరేనా? మాకు టైపిస్టు అవసరం లేదండీ.” ఆ రోజు నాకు అర్థమైంది. ఈ పనంటే నాకు ప్రాణం. ఈ పనిని నన్ను ముట్టుకోనిచ్చే చోటు భూమ్మీద ఈ షెడ్డొక్కటే. దాని తలుపుకి తాళంచెవి మా ఆయన పేరు. అందుకే నోరు మూసుకున్నాను. ఎవరో మూయించారనడం పూర్తి నిజం కాదు.

“ఆదివారం రేసుకి ఇంకాస్త బలం కావాలమ్మా” అన్నారు ఓనరు గారు, మాట నాతో, చూపు మా ఆయన మీద. “ఇంకో నలభై గుర్రాల బలం. మాస్టరు ఇస్తానన్నారు.”

నేను స్క్రీను చూశాను. ఇప్పుడున్న బలానికే పై వేగంలో పెట్రోలు ఒత్తిడి దిగజారుతోంది. పంపు అందించలేకపోతోంది. ఒత్తిడి తగ్గితే అదే పెట్రోలు లోపలికి పోవడానికి ఎక్కువ సేపు పడుతుంది, ఆ ఎక్కువ సేపు ఇంజను దగ్గర లేదు. పెట్రోలు చాలకపోతే మంట వేడెక్కిపోతుంది, పిస్టను కరిగి చిల్లిపడుతుంది. అదే జరిగితే నత్త చక్రాల కింద వేడి నూనె పరుచుకుంటుంది, దానికి నిప్పంటుకున్నా అంటుకోవచ్చు, రెండొందల వేగంలో.

వాళ్లు టీ తాగడానికి బయటికెళ్లాక మా ఆయనతో చెప్పాను. “పంపు చాలదండీ. పెద్ద పంపు పెడితే తప్ప కుదరదు.”

“రేసు ఆదివారం. పంపు ఎప్పుడొస్తుంది? మాటిచ్చేశాను.”

“మాట మీరిచ్చారు. నడిపేది ఆ అబ్బాయి.”

“నాకు నేర్పకు. చెప్పింది చెయ్యి.”

సరిగ్గా అప్పుడే పైనుంచి ఫోన్. “నా బీపీ మాత్రలు ఎక్కడ పెట్టావమ్మా?” “ఫ్రిజ్ పక్కన నీలం డబ్బాలో, అత్తయ్యా.” ఫోన్ పెట్టేసి, చెప్పింది చేశాను. నలభై గుర్రాలూ ఇచ్చాను. కానీ ఒక కాపలా కూడా పెట్టాను. పెట్రోలు ఒత్తిడి ఒక గీత దాటి అర సెకను కిందే ఉంటే, కంప్యూటరు తనంతట తనే బలం తగ్గించేస్తుంది. కారు ఆగదు, మెల్లగా అయినా గమ్యం చేరుతుంది. ఆ సంగతి మా ఆయనకి చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ “ఊ” అన్నాడు. ఆయన “ఊ”కి అర్థం వినలేదని. అది తెలిసీ మళ్ళీ చెప్పలేదు. అది నా తప్పో, నా తెలివో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ట్రాకు దగ్గర నా పని మంచినీళ్లు, టిఫిన్ డబ్బాలు, లాప్‌టాప్ మొయ్యడం. నత్త రెండో స్థానంలో ఉన్నాడు. ఇంకా మూడు చుట్లు మిగిలాయనగా, పొడవాటి రోడ్డు మీద అతని కారు గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. అందరికంటే ముందు నాకే వినపడింది. నా చేతిలో నీళ్ల సీసా నలిగిపోయింది. ఒకటి దాటింది, రెండోది దాటింది, మూడోది దాటింది. ఐదో స్థానం.

ఓనరు గారు మొహం ఎర్రగా చేసుకుని వచ్చారు. “ఏంటిది మాస్టరూ? ఏం పెట్టారు నా కారులో?”

మా ఆయన లాప్‌టాప్‌లో కాపలా గీత చూశాడు. అరక్షణం నా మొహం చూశాడు. ఆ అరక్షణంలో ఏం నిర్ణయించుకున్నాడో నాకు ముందే తెలిసిపోయింది. పదకొండేళ్ల కాపురం మరి.

“ఇది నేను పెట్టింది కాదండీ. మా ఆవిడ ఏదో కెలికింది.”

అక్కడున్న పదిమందీ నా వైపు తిరిగారు. ఎనిమిదేళ్లలో ఆయన నా పనిని నాదని ఒప్పుకోవడం అదే మొదలు. ఒకడు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. నత్త హెల్మెట్ తీసి, చెమట కారుతున్న మొహంతో నెమ్మదిగా నడిచొచ్చాడు.

“ఏం జరిగింది వదినా?”

నోరు తెరవబోయాను. మా ఆయన లాప్‌టాప్ మూత దించేశాడు. “ఇంటికెళ్లి నేను చూస్తాలే.” నేను టిఫిన్ డబ్బాలు సంచిలో సర్దుకున్నాను. మూతలు ఒకదానికొకటి మారిపోయాయి, ఏదీ సరిగ్గా పట్టలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాను. తలెత్తకుండా ఉండటానికి అదొక పని.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అన్నాడు. “అలా అనక తప్పలేదు. నా పేరు పోతే మనకి తిండెక్కడిది? నీకేం, నువ్వు నలుగురిలో తిరిగేదానివా?” కాసేపాగి మెత్తగా అన్నాడు. “రేపు ఓనరుకి ఫోన్ చేసి సారీ చెప్పు. ఆడమనిషి సారీ చెప్తే కరిగిపోతాడు. వచ్చే నెల పెద్ద రేసుంది. దానికి ఆ కాపలా తీసేద్దాం.”

నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఒప్పుకున్నాననుకున్నాడు.

మర్నాడు పొద్దున పాపని స్కూలుకి పంపి, షెడ్డులోకి దిగి లాప్‌టాప్ తెరిచి నిన్నటి లెక్కలు చూశాను. ఒత్తిడి ఉండాల్సిన దాంట్లో సగానికి సగం పడిపోయింది. కాపలా లేకపోతే ఆ రోడ్డు చివరి మలుపు దాకా కూడా ఇంజను మిగిలేది కాదు. ఆ గీత వంక చాలాసేపు చూశాను. నా లోపల భయం పోలేదు. పోతుందేమోనని ఎదురుచూశాను, పోలేదు.

మా ఆయన ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి నా ముందుంచాడు. తను ఎదురుగా టైరు మీద కూర్చున్నాడు.

“నిన్నటి సంగతి గురించి చేశానండీ” అన్నాను.

“పోనీలేమ్మా, అయిందేదో అయింది” అన్నారు ఓనరు గారు, నిజంగానే కరిగినట్టు. “ఇంట్లో పనులతో తలమునకలై పొరపాటు పడుంటారు. ఫోన్ మాస్టరుకివ్వండి. పొద్దున ఆయన చెప్పిన ఆ కాపలా ఏదో తీసేయించాలి.”

“అది తీస్తే మీ కుర్రాడు కాలిపోతాడండీ. పంపు చాలడం లేదు. పంపు మార్చేదాకా నేను తీయను.”

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఫోన్‌లో కొంచెం నవ్వు వినపడింది.

“మీరు తీయకపోవడమేంటమ్మా? ట్యూనింగ్ మాస్టరుది కదా?”

“కాదండీ. ఎనిమిదేళ్లుగా నాదే. మీ కారు ఒక్కటే కాదు, ఈ షెడ్డుకొచ్చే ప్రతి కారూ.”

అవతల నవ్వు ఆగిపోయింది. తర్వాత ఆయన గొంతు మారింది.

“మాస్టరూ, అక్కడే ఉన్నారా? నిజమేనా ఇది?”

మా ఆయన అరుస్తాడనుకున్నాను. ఫోన్ లాక్కుంటాడనుకున్నాను. అలాంటిదేమీ చెయ్యలేదు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చేతులు రెండూ ముందుకి చాచి, వద్దన్నట్టు, దయచేసి అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పదకొండేళ్లలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

“నిజమేనండీ” అని నేనే జవాబు చెప్పాను.