రెండోసారి చెప్పిన కథ

ఇచ్చోడలో బడిపంతులమ్మగా చేసి రిటైరైన రిబ్కమ్మను నస్పూర్ చర్చిలో మర్నాడు జరిగే కోత పండుగకు తీసుకుపోదామని తమ్ముడు ఫిలిప్ పొద్దున్నే కారు వేసుకుని వచ్చాడు. బొగ్గుబాయిలో ఉద్యోగం అయిపోయాక కొనుక్కున్న కారు అది. ఉట్నూరు దాటి టేకు అడవిలోకి వచ్చేసరికి అక్కాతమ్ముళ్లకు పాత ముచ్చట్లు మొదలయ్యాయి. ఏ వాగు దగ్గర బాపు సైకిల్ దిగి నెట్టుకుంటూ నడిచేవాడో, ఏ గూడెంలో వేడివేడి జొన్నరొట్టె పెట్టారో, తలుచుకున్నకొద్దీ దారి కరిగిపోతోంది.

జన్నారం ఇంకాస్త దూరం ఉందనగా మలుపులో బర్రె అడ్డమొచ్చింది. ఫిలిప్ పక్కకు తిప్పాడు. కారు రోడ్డు దిగి కల్వర్టు గోడకు గుద్దుకుని ఆగింది. అతని తల పక్క అద్దానికి గట్టిగా తగిలింది.

"అక్కా, నీకేమన్న అయిందా?" అన్నాడు కణత రుద్దుకుంటూ.

"నాకేం కాలే. నీ తల?"

"చిన్న బొప్పి. ఫికర్ చెయ్యకు."

ఎవరికీ రక్తం రాలేదు. చేలల్లో పని చేస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి కారును రోడ్డెక్కించారు. బంపర్ వంగింది గానీ బండి నడిచింది. మెల్లగా జన్నారం చేరి, గుండెదడ తగ్గేదాకా చాయ్ హోటల్లో కూర్చున్నారు. అక్కడే ఫిలిప్ గ్లాసు చేతిలో పట్టుకుని నవ్వాడు.

"అక్కా, నీకు యాదుందా, బాపు హార్మోనియం గోదాట్ల పడ్డది?"

వాళ్ల బాపు ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బోధకుడు. చెన్నూరు దగ్గర గోదావరి దాటుతుంటే పడవ ఒరిగి హార్మోనియం నీళ్లలో పడితే, బట్టలతోనే దూకి ఎత్తుకొచ్చాడు.

"ఇసుకల ఎండకు పెడితే, అవ్వ కొంగుతోని ఒక్కొక్క మెట్టు తుడిచింది. గా రోజు నుంచి ఒక మెట్టు నొక్కితే పిల్లి ఏడ్చినట్టు ఏడ్చేది. బాపు గా మెట్టు తగలకుంట పాటలు వాయించెటోడు" అన్నాడు ఫిలిప్.

రిబ్కమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తల్లి కొంగు సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. తమ్ముడు దాన్ని దాచి ఉంచినందుకు అతని మీద ప్రేమ పొంగుకొచ్చింది.

నస్పూర్‌లో ఫిలిప్ ఇల్లు చేరాక అతని కూతురు మహిమ అన్నం వడ్డించింది. తల నొస్తోందని ఫిలిప్ రెండు ముద్దలు తిని లేచాడు. కుర్చీలో వాలి అక్క వైపు చూశాడు.

"అక్కా, నీకు యాదుందా, బాపు హార్మోనియం గోదాట్ల పడ్డది?"

కూతురి కోసం చెబుతున్నాడేమో అనుకుని రిబ్కమ్మ నవ్వుతూ వింది. కానీ అతను కూతురి వైపు చూడటం లేదు. ఇసుక, కొంగు, పిల్లి ఏడుపు, అన్నీ అవే మాటల్లో వచ్చాయి. చివర "గీ ముచ్చట నీకు ఎన్నడు చెప్పలే గద" అన్నాడు.

రిబ్కమ్మ నవ్వు ఆగిపోయింది. "జన్నారంల చాయ్ తాగుకుంట చెప్పినవ్ గద తమ్మీ."

"జన్నారంల మనం ఎప్పుడు ఆగినం?"

ఎన్నిసార్లు విన్నా తనివి తీరని ముచ్చటకు ఆమె మొదటిసారి భయపడింది. అంతలో ఫిలిప్ లేచి తడబడుతూ పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. వచ్చి, నిద్ర ముంచుకొస్తోందన్నాడు.

"పొద్దటిసంది అలిసిపోయిండు అత్తమ్మా, జర పండుకోనియ్యి. లేచినంక చూద్దాం" అంది మహిమ.

"వద్దు బిడ్డా. తలకు దెబ్బ తగిలిన మనిషి చెప్పిందే చెప్తుండు, కక్కుకున్నడు, నిద్రంటుండు. ఇది అలసట కాదు. దవాఖానకు పోదాం."

"రక్తం చుక్క రాలే. ఊకె పరేషాన్ చేస్తున్నరు" అని ఫిలిప్ విసుక్కున్నాడు.

"ఏం లేదని డాక్టర్ అంటే, నవ్వుకుంట తిరిగొద్దాం. లే."

పక్కింటి వెంకటేశ్ తన కారులో మంచిర్యాలకు తీసుకుపోయాడు. దారిలో ఫిలిప్ ఆమెను "అవ్వా" అని పిలిచాడు. రిబ్కమ్మ సరిదిద్దలేదు, "ఆ, ఇక్కడే ఉన్న" అంది.

స్కాన్ చూసిన డాక్టర్, పుర్రె లోపల మెల్లగా రక్తం చేరుతోందని, వెంటనే కరీంనగర్‌లో ఆపరేషన్ చేయించాలని చెప్పింది. "పైన గాయం లేదని పడుకోబెట్టి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది" అంది. తర్వాత రిబ్కమ్మ వైపు తిరిగింది. "మీరు కూడ అదే కార్ల ఉన్నరు గదా. మెడ నొప్పి, చేతుల తిమ్మిరి, కడుపుల నొప్పి, ఊపిరి ఆడకపోవుడు, ఏమన్న ఉందా?"

"నాకేం లేదమ్మా."

"ఇయ్యాల లేకున్నా రేపో ఎల్లుండో రావచ్చు. వస్తే ఓర్చుకోకండి, చెప్పండి."

అంబులెన్స్ గోదావరి వంతెన మీద పోతుంటే రిబ్కమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని కిందికి చూసింది. సాయంత్రపు ఎండలో ఇసుక తిన్నెలు మెరుస్తున్నాయి. బాపు పాడే పాటల్లో ఒకటి సన్నగా అందుకుంది. రెండో చరణం గుర్తు రాలేదు. మొదటిదే పాడుతూ పోయింది.

ఆపరేషన్ మంచిగా జరిగింది. కొన్నాళ్లకు ఫిలిప్ దిండుకు ఆనుకుని కూర్చునే స్థితికి వచ్చాడు. జన్నారం చాయ్ మాత్రం అతనికి గుర్తు లేదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున రిబ్కమ్మకు మెడ పట్టేసి, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. అలసిపోయి ఉన్న మహిమకు ఇంకో భారం ఎందుకని నోరు మెదపకుండా ఉండబోయింది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. లేచి వెళ్లి నర్సుకు చెప్పింది. గుద్దుకున్నప్పటి అదురుకు మెడ నరం నొక్కుకుందని పరీక్షల్లో తేలింది. మందులిచ్చి మెడకు పట్టీ వేశారు.

ఆమెను ఆ పట్టీతో చూసి, తలకు కట్టుతో ఉన్న ఫిలిప్ ముఖం విప్పారింది.

"గవదబిళ్ళలు అయినప్పుడు అవ్వ మనిద్దరికి దవడలకు గుడ్డ కట్టి గడప మీద కూసోబెట్టింది, యాదుందా?"

"యాదుంది. అయినా నువ్వు చెప్పు."

అతను మాటలు వెతుక్కుంటూ, మధ్యమధ్య ఆగుతూ చెప్పసాగాడు. అటుగా వచ్చిన నర్సు, పేషెంటును ఎక్కువ మాట్లాడించొద్దని మందలించింది.

"నేను కూడ పేషెంటునే బిడ్డా" అని రిబ్కమ్మ కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.