నలభై రాత్రుల తెర

మా నాన్న లారీలకు టార్పాలిన్లు కుడతారు. ఆయన బతుకులో మొదటిసారి ఒక నాటకాల హాలువాళ్ళు స్టేజీ తెర కుట్టమన్నారు. ఇది కుదిరితే హాలు పనంతా మాకే. చెడితే మళ్ళీ లారీల వెనకాలే. మేనేజరు మఖమల్ గుడ్డ తాను ఒకటి పంపించి, ఫోనులో కొలతలు చెప్పి, "ఫోర్ట్‌నైట్‌లో కావాలి" అన్నాడు.

ఫోను ఎత్తింది మా బావ. అక్కను చేసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఇంగ్లీషుకు ఆయనే పెద్ద దిక్కు.

"ఫార్టీ నైట్లు, మామయ్యా. నలభై రాత్రులు. తొందరేం లేదు" అని కాలు మీద కాలేసుకున్నాడు.

మా వంశంలో డిగ్రీ గడప తొక్కింది నేనొక్కడినే. చెప్పడం నా బాధ్యత అనిపించింది. "కాదు బావా, ఫోర్ట్‌నైట్ అంటే రెండు వారాలు. మనం పక్షం అంటామే, అదీ."

"నువ్వెప్పుడు నా పక్షాన ఉన్నావు గనక! మరి నైట్ అని ఎందుకన్నట్టు? నాటకాలోళ్ళు, రాత్రుళ్ళే లెక్కేసుకుంటారు."

నాన్న నా వంక చూశారు. నా మాటే నిజమని ఆయనకు తెలుసు. కానీ అల్లుడి మాట కాదంటే అల్లుడు అన్నం మానేస్తాడు. ఇంటికి అది కాస్త లాభమే గానీ అమ్మ ఊరుకోదు.

"అల్లుడుగారు చెప్పాక ఇంకేముంది" అని నాన్న టార్పాలిన్ ముందేసుకున్నారు.

వారం తిరిగేసరికి మేనేజరు వచ్చాడు. గుడ్డ తాను మూలన నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది.

"ఇంకా కత్తెరే పెట్టలేదేంటండీ?"

బావ ముందుకొచ్చాడు. "కంగారెందుకు సార్? ఫార్టీ నైట్స్ అన్నారుగా! ఇంకా ముప్పైమూడున్నాయి."

మేనేజరు తిన్నగా మూలకు వెళ్ళి గుడ్డ తాను భుజానికెత్తుకోబోయాడు.

నాన్న ఒక్కసారిగా పగలబడి నవ్వారు. "మా అల్లుడుగారికి పరాచికాలెక్కువండీ! వచ్చే శుక్రవారానికి తెర మీ హాల్లో వేలాడుతుంది. ఈయనే దగ్గర కూర్చుని కుడతానని పట్టుబట్టారు."

మేనేజరు తాను దించి, "భలేవారండీ, హడలగొట్టేశారు" అని బావ భుజం తట్టాడు. బావకు కూడా నవ్వక తప్పలేదు.

జోకని ఒప్పుకున్నాక దాని తోకను కూడా ఒప్పుకోవాలిగా. ఆ సాయంత్రమే బావ మిషనెక్కాడు. మఖమల్ నూగు అన్ని ముక్కల్లోనూ ఒకే వైపుకు వాలాలి. ఆయన తలకిందులుగా కుట్టిన ముక్కను అక్క ఊడదీస్తూ, "ఇంగ్లీషులో కుట్టారా ఏంటి?" అంది. అమ్మ మాత్రం మర్యాదకు లోటు రానివ్వలేదు. అల్లుడి కంచం మిషన్ దగ్గరికే పంపించేది, లేవనవసరం లేకుండా.

గురువారం చివరి అంచు మిగిలింది. బావ సూదిలోకి దారం ఎక్కిస్తూ నా చెవి దగ్గరికి వంగాడు.

"బామ్మర్దీ, ఫోర్ట్‌నైట్ అంటే రెండు వీకులన్నావు, వీక్ అంటే ఏడు రోజులేగా? అందులో మెలికేం లేదుగా?"

"లేదు బావా."

"ఛ!" అని మళ్ళీ మిషన్ తొక్కాడు.