ఊపు చూడని క్యారియర్

కొత్త సామాను మీద పొర తియ్యని మనుషులంటే మరియదాసుకి రోత. పెళ్ళికి పెట్టిన బీరువాకి పిల్లలు పెద్దవాళ్ళయినా తొడుగు విప్పనివాళ్ళని చూశాడు. టీవీ రిమోటుకి కవరు వేసి, జిడ్డు పట్టి అంకెలు కనపడకపోయినా కవరు మీదే నొక్కేవాళ్ళని చూశాడు. వాళ్ళందర్నీ ఒకచోట కుప్ప పోసినా వెంకటకృష్ణారావుగారి బండికి సాటి రారు.

ఆ బండి పొద్దున్న పదింటికి ఆటోనగర్‌లో మరియదాసు షెడ్డు ముందు ఆగింది. తెల్లటి పొడుగాటి వ్యాగన్. కొని రెండేళ్ళయింది. సీట్లకి పాలిథీన్, తలుపు దిళ్ళకి పాలిథీన్, కాళ్ళ కింద షోరూమువాళ్ళు వేసిన కాగితం కూడా అలాగే ఉంది. బండి పైకప్పుకి రెండు పక్కలా, క్యారియర్ బిగించుకునే రెండు పొడుగాటి కమ్మీలు, రైళ్ళంటారు, ఉన్నాయి. వాటి చుట్టూ షోరూము పొర. ఒకప్పుడు పాలరంగులో ఉండి ఉంటుంది. రెండు బెజవాడ ఎండాకాలాలు తిని, ముసలివాడి కాలిగోరులా పసుపు తిరిగి, అక్కడక్కడా కుబుసంలా లేచింది.

మరియదాసు స్టూలు మీద నుంచి చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రావుగారిది వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేలు. గిన్నె మీద స్టిక్కరు ఊడితే సరుకు పాతబడ్డట్టేనని ఆయన లెక్క. ఆయన కూతురు కీర్తన, మరియదాసు మనవరాలు శాలిని రోజూ తెల్లారి కాలవ కట్ట మీద కలిసి సైకిళ్ళు తొక్కుతారు. రేపు ఒంగోలులో సైకిలు పోటీలకి రాష్ట్ర జట్టు ఎంపిక. పోయినేడు శాలిని బస్సులో వెళ్ళింది. దిగి చూసేసరికి బస్సు డిక్కీలో ఎవరి బియ్యం మూటో పడి సైకిలు వెనక గేరు వంగిపోయింది. ఆ పిల్ల తొక్కకుండానే తిరిగొచ్చింది. ఆ వయసు పిల్లల పోటీకి వెళ్ళడానికి శాలినికి ఇదే ఆఖరి ఏడు. ఆ సంగతి విని రావుగారే అన్నాడు, ఇద్దర్నీ నా బండిలో తీసుకెళ్తాను, పైన సైకిళ్ళు పెట్టే క్యారియర్ ఒకటి బిగించండి చాలు అని.

సాయం చేసే మనిషి. ఆయన్ని ఏమన్నా అనాలంటే నోరు కట్టేసినట్టుంది మరియదాసుకి.

మరియదాసు కొడుకు బెన్నీ రెండు రకాల క్యారియర్లు పెట్టెలు విప్పి బల్ల మీద పెట్టాడు. షాపు ఇప్పుడతనిదే. ఒకదాంట్లో వెండి రంగు బద్దలు, ఎర్రచారలు, మెరుపు. రెండోదాంట్లో నల్లటి చదరపు బద్దలు, రైలుని కరిచి పట్టే లావుపాటి క్లాంపులు. గోడకి ఆనించి మరియదాసు తన చేత్తో అతికిన ఇనప క్యారియర్ ఒకటుంది గానీ దాన్ని అడిగేవాళ్ళు లేక సాలీడు కాపురం పెట్టింది.

"ఇవేంటయ్యా, పాడె కట్టెల్లా ఉన్నాయి?" అన్నాడు రావుగారు నల్లవాటిని చూసి. "ఇవి పెట్టుకుని రోడ్డెక్కితే ఎవరు పోయారండీ అని అడుగుతారు."

బెన్నీ నవ్వాడు. ఆ మాటకి రావాల్సిన దానికంటే ఎక్కువే నవ్వాడు. "అయితే సిల్వర్‌ది చూడండి సార్. స్పోర్టీ లుక్ అండి. మీ తెల్లబండికి అదిరిపోద్ది."

మరియదాసు లేచొచ్చి వెండి బద్దని గోటితో కొట్టాడు. టింగుమంది. ఖాళీ గ్లాసు చప్పుడు. నల్లదాన్ని కొట్టాడు. చప్పుడు రాలేదు.

"నల్లది," అన్నాడు.

"నాన్నా, నువ్వు కూర్చో."

కూర్చున్నాడు. వెండిది బల్ల దిగింది.

బెన్నీ నిచ్చెన వేసుకుని క్లాంపు రైలు మీద పెట్టేసరికి మరియదాసు మళ్ళీ నోరు విప్పాడు. "ఆ పొర లాగెయ్."

"అయ్యో, పొరెందుకు తియ్యడం!" రావుగారు తన ఒంటి మీది చొక్కా విప్పమన్నట్టు కంగారుపడ్డాడు. "దాని మీదే బిగించు. మీ క్లాంపుకి రబ్బరుందా? దాని కింద మా పొరుంది. గీత పడమన్నా పడదు. డబుల్ సేఫ్టీ!"

"కరెక్టేనండి. డబుల్ సేఫ్టీ," అన్నాడు బెన్నీ.

తన రక్తం నోట ఆ మాట విని మరియదాసు గోడకి ఆనించిన తన ఇనప క్యారియర్ వైపు మొహం తిప్పుకున్నాడు. పొర సంగతి బెన్నీకి తెలియక కాదు. గిరాకీ ఏమంటే అది అనడం అలవాటై, తెలిసింది కూడా మర్చిపోయాడు.

మరియదాసు అంబాసిడర్ల రోజుల్లో మొదలుపెట్టాడు. మైలవరం పెళ్ళిబృందాలకి, కొండపల్లి నుంచి బొమ్మల పెట్టెలు మోసే టాక్సీలకి, అన్నిటికీ క్యారియర్ బిగించింది అతనే. పైన పరుపులు, ట్రంకు పెట్టెలు, ఒకోసారి మేకలు కూడా. అప్పట్లో క్యారియర్ బిగించడం అయ్యాక ఊపు ఉండేది. బిగించినవాడు తలుపు తీసి గుమ్మం మీద నిలబడి, రొమ్ము బద్దకి ఆనించి, ఒళ్ళంతా వేసి ముందుకీ వెనక్కీ మూడు ఊపులు ఊపాలి. తరవాత బండి గలాయన ఊపాలి. బండి ఊగాలి, క్యారియర్ కదలకూడదు. ఆ ఊపు కానిదే మరియదాసు తాళం చెవి ఇచ్చేవాడు కాదు. పెళ్ళికి టైమైపోతోందని మొత్తుకున్నా ఇచ్చేవాడు కాదు.

బెన్నీ పావుగంటలో ముగించాడు. రెండు వేళ్ళతో తిప్పినట్టు బోల్టు తిప్పాడు. పొర ముడతలు పడి క్లాంపు అంచుల్లోంచి బయటికి పొడుచుకొచ్చింది. చంటిపిల్ల లాగు కింద గుడ్డ కనపడ్డట్టు. రావుగారు జేబులోంచి పొట్లం తీసి బద్దలకి పసుపు రాశాడు, కుంకం పెట్టాడు. దణ్ణం పెట్టుకున్నాడు. పూజ అయింది. ఊపు కాలేదు.

"ఊపవా?" అన్నాడు మరియదాసు.

"ఇప్పుడెవరు ఊపుతున్నారు నాన్నా! పెట్టె మీద రాసుంది, డెబ్భై అయిదు కిలోలు మోస్తుందని."

"పెట్టె ఊపుద్దా?"

బెన్నీ స్పానర్లు సర్దుకున్నాడు.

ఈలోగా శాలిని సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. చైనుకి రాత్రే నూనె పెట్టి, గుడ్డతో తుడిచి, అద్దంలా చేసింది. "థాంక్స్ అంకుల్," అంది రావుగారితో. "డబుల్ సేఫ్టీ అమ్మా!" అన్నాడాయన బద్దలు చూపిస్తూ. ఆ పిల్ల మొహం చూసి మరియదాసు ఇంకో మాట మింగేశాడు. బెన్నీ ఇద్దరి సైకిళ్ళూ పైకెక్కించాడు. కుడిపక్క కీర్తనది, ఎడమపక్క శాలినిది. చక్రాలకి పట్టీలు బిగించి చేతులు దులుపుకున్నాడు.

ఆగలేక మరియదాసు నిచ్చెన ఎక్కాడు. ఎడమ క్లాంపు పక్కన బొటనవేలు పెట్టి నొక్కాడు. రబ్బరు కింద పొర పాల మీద తొరకలా జరిగింది. వేలికి పసుపుపచ్చటి జిగురు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. కుళ్ళిన గంజి వాసన.

దిగి అన్నాడు, "మనది దించు."

"ఏంటీ?"

"శాలిని సైకిలు దించు."

బెన్నీ చెవులు ఎర్రబడ్డాయి. "నాన్నా, సార్ ఎదురుగుండా..."

"తాతా, ఏంటిది?" శాలిని గొంతు పైకి లేచింది. "ఇదే ఆఖరి ఏడు తాతా నాకు! నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే దించమంటున్నా."

రావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మర్యాదస్తుడే, కానీ మాట పడి ఎరగడు. "ముప్ఫై ఏళ్ళుగా సరుకు లారీలకి ఎక్కిస్తున్నా పెద్దాయనా. నాకు తెలీదంటావా? నమ్మకం లేకపోతే దించుకో. బస్సులో పంపించు. పోయినేడు పంపావుగా!"

శాలిని తల దించుకుంది. ఆ మాట మరియదాసుకి ముల్లులా దిగింది. అయినా గొంతు పెంచలేదు.

"అట్లాగే దించుకుంటానండీ. ముందు మీరొక్కసారి ఊపండి."

"ఊపడమా?"

మరియదాసు తలుపు తీసి గుమ్మం చూపించాడు. ఎలా నిలబడాలో, ఎలా ఆనాలో రెండు ముక్కల్లో చెప్పాడు.

"నేను తొంభై అయిదు కిలోలయ్యా. నేనూపితే బండే బోర్లా పడుద్ది," రావుగారు నవ్వాడు. పందెం గెలిచినవాడిలా చొక్కా చేతులు మడుచుకుని గుమ్మం ఎక్కాడు. పొట్ట బద్దకి ఆనించాడు. "చూడు మరి," అని ఒక్క తోపు తోశాడు.

కర్‌ర్‌ర్‌మంది.

ఎడమవైపు బద్ద నాలుగు వేళ్ళ మేర ముందుకి జారింది. కుడివైపు అక్కడే ఉంది. బద్ద ఏటవాలుగా మెలిపడేసరికి శాలిని సైకిలు బయటికి వాలింది. ఆ పిల్ల కెవ్వున అరిచి రెండు చేతులూ పైకెత్తి చక్రం పట్టుకుంది. బెన్నీ ఉరికొచ్చి ఇంకోవైపు పట్టాడు.

రావుగారు గుమ్మం మీదే నిలబడి వంగి చూసి అన్న మొదటి మాట, "అయ్యో, పొర చిరిగిందే!"

మరియదాసు నేల మీద ఉమ్మాడు. రోజు మొత్తంలో మాట్లాడాల్సిందంతా అప్పుడు మాట్లాడాడు.

"చిలకలూరిపేట దాటాక ఏ గేదో అడ్డమొస్తే బ్రేకు కొడతారు. ఇప్పుడు మీరు తోసిందెంత, అప్పుడు తోసేదెంత? అది ఎగిరి ముందు పోయే స్కూటరు మీద పడుద్ది. ఆ స్కూటరు వాడికి పొరుండదండీ."

వెనక తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా లోపల కూర్చుని ఫోను చూసుకుంటున్న కీర్తన దిగింది. సీటు పాలిథీన్‌కి వీపు అతుక్కుపోయి చొక్కా చెమటతో నల్లగా తడిసి ఉంది.

"నాన్నా, దిగు," అంది.

"ఎందుకమ్మా?"

"దిగు నాన్నా. రెండేళ్ళయింది. కూర్చుంటే చర్రుమని, లేస్తే చర్రుమని. మా ఫ్రెండ్స్ ఎక్కితే నవ్వుతున్నారు. ఇప్పుడు శాలిని సైకిలు కూడానా?"

సైకిళ్ళు రెండూ, వెండి బద్దలూ కిందికి దిగాయి. కీర్తన గుమ్మం ఎక్కి పొర కొస గోటితో పట్టుకుని లాగింది. ఒక్క ముక్కగా రాలేదు. పెచ్చులు పెచ్చులుగా, పుండు మీద పక్కులా వచ్చింది. కింద రెండేళ్ళ నీళ్ళూ దుమ్మూ కలిసి నల్లటి అడుసు. అందులో చీమలు, చీమల గుడ్లు, ఒక మూల ఎండిపోయి అతుక్కున్న బల్లిపిల్ల. వాసన ఒక్కసారిగా గుప్పుమంది.

"బల్లి! బల్లి!" రావుగారు రెండడుగులు వెనక్కి ఎగిరాడు. ఇందాక పసుపు రాసిన వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"మీ డబుల్ సేఫ్టీ అంకుల్," అంది శాలిని మెల్లిగా. కీర్తన కిసుక్కున నవ్వింది. బెన్నీ నవ్వలేదు.

అడుసు తుడిచాక రైలు కనిపించింది. పొర లేని బళ్ళ రైళ్ళు నల్లగా నిగనిగలాడతాయి. ఇది తెల్లమచ్చలు పడి బొల్లి సోకినట్టుంది. గీత పడకూడదని కప్పినది దాన్ని మొత్తంగా తినేసింది. రావుగారు దాన్ని చేత్తో తడిమి బల్ల మీది నల్ల బద్దల వైపు చూశాడు.

"అవే పెట్టండయ్యా," అన్నాడు. "పాడో గీడో."

మరియదాసు పెట్రోలు గుడ్డతో రైళ్ళు రెండూ రుద్దాడు. బెన్నీ బిగించాడు. ఈసారి రెండు చేతులతో, ఒక్కో బోల్టుకి ఊపిరి బిగపట్టి. అయ్యాక బెన్నీ ఎవరూ చెప్పకుండానే తలుపు తీసి, గుమ్మం ఎక్కి, రొమ్ము ఆనించి మూడు ఊపులు ఊపాడు. బండి టైర్ల మీద ఉయ్యాలలా ఊగింది. బద్ద కదల్లేదు. తరవాత రావుగారు ఊపాడు. కదల్లేదు. ఆయన మొహాన చెమట పట్టింది.

సైకిళ్ళు మళ్ళీ ఎక్కాయి. శాలిని ముందు చక్రం పట్టీని తనే మూడుసార్లు లాగి చూసుకుంది. తాత వైపు తిరిగి ఏదో అనబోయింది. మరియదాసు చెయ్యి ఊపాడు, ఎక్కు ఎక్కు అన్నట్టు.

రావుగారు స్టీరింగు దగ్గర కూర్చుని అద్దం దించాడు. మరియదాసు దగ్గరికొచ్చాడు. మనిషి కదా, ఏదో ఒక మంచి మాట అంటాడేమోననుకున్నాడు.

"బెన్నీ," అన్నాడు రావుగారు అతన్ని దాటి చూస్తూ, "తిరిగొచ్చాక ఆ రైళ్ళకి కొత్త ఫిల్ము వేయించాలయ్యా. మంచి క్వాలిటీది చూసి పెట్టు."

బండి కదిలింది. వీధి చివర స్పీడు బ్రేకరు దగ్గర రావుగారు అలవాటు ప్రకారం చివరి నిమిషంలో బ్రేకు తొక్కాడు. బండి ముక్కు కిందికి దిగింది, పైకి లేచింది. పైన సైకిళ్ళు రెండూ పాతిన రాటల్లా నిలబడ్డాయి. మరియదాసు అది చూసేదాకా కదల్లేదు.

లోపలికొచ్చి చేతులు చూసుకున్నాడు. జిగురు వదల్లేదు. సబ్బుకి వదల్లేదు, పెట్రోలుకి వదల్లేదు. వేళ్ళ సందుల్లో చీమ కాళ్ళు అంటుకుని ఉన్నాయి. బ్లేడు తీసుకుని స్టూలు మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. పైన బోర్డు మీద రంగు వెలిసినా అక్షరాలు కనపడుతున్నాయి, మరియదాసు అండ్ సన్ అని.

"ఏరా," అన్నాడు తలెత్తకుండా. "ఊపకుండా ఎన్ని ఇచ్చావ్?"

బెన్నీ నేల మీద పడున్న పొర ముక్కల్ని కాలితో ఒకచోటికి నెట్టాడు.

"అడుగుతున్నా."

"ఈ ఏడాదిలో... పధ్నాలుగు పదిహేను ఉంటాయి నాన్నా."

మరియదాసు బ్లేడు ఆపాడు. కొడుకు మొహం వంక చూశాడు. జిగురు వంక చూసుకున్న చూపే అది.

"పిలిపించు," అన్నాడు.

"ఏమని చెప్పను?"

"ఊపడం మర్చిపోయానని చెప్పు."

బెన్నీ ఫోను తీశాడు. నంబరు వెతకడానికి చాలాసేపు పట్టింది. అవతల ఎవరో ఎత్తారు.

"సార్, నమస్తే సార్. ఆటోనగర్ బెన్నీనండి. మీ క్యారియర్ గురించండి. ఏం లేదండి... ఒక్కసారి బండి తీసుకురావాలండి. ఈలోగా పైన ఏమీ పెట్టకండి సార్."

మరియదాసు మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు.